వానలకు ముందే మట్టిని ఆపే గోడలను పరీక్షించండి: పురపాలక అధికారులకు, స్ట్రక్చరల్ ఇంజనీర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల గౌరవనీయులైన పురపాలక కమిషనర్లకు, పట్టణ ప్రణాళిక విభాగం అధికారులకు, లైసెన్సు పొందిన స్ట్రక్చరల్ ఇంజనీర్లకు,

నమస్కారం. మీ పని ఒత్తిడి తెలిసినవాణ్ణి కనుక నేరుగా విషయానికి వస్తాను.

మా కాలనీ కొండ కింద ఉంది. పైన కొండను చదును చేసి వేసిన ప్లాట్లు ఉన్నాయి. రెంటికీ మధ్య ఒక గోడ. మొదట పన్నెండు అడుగుల ఎత్తున రాతితో కట్టారు. కొంతకాలానికి పై ప్లాటు యజమాని తన నేలను ఇంకా ఎత్తు చేసుకోవాలనుకుని, ఆ రాతి గోడ మీదే మరో ఆరడుగులు సిమెంటు ఇటుకలతో లేపించి, వెనక లారీలతో మట్టి పోయించారు. ఇప్పుడది పద్దెనిమిది అడుగుల గోడ. దాని కింద రేకుల ఇళ్ళున్నాయి, అంగన్‌వాడీ కేంద్రం ఉంది, భవన నిర్మాణ కూలీల గుడారాలున్నాయి. ఇస్త్రీ బండితో బతికే ఒక కుటుంబం ఆ గోడనే వెనక గోడగా చేసుకుని పాక వేసుకుంది.

నేను సివిల్ ఇంజనీరును. కట్టడాల డిజైను లెక్కలు వేయడమే నా వృత్తి. గోడ నడుమ భాగం ముందుకు ఉబ్బడం చూసి, మా కాలనీ మేస్త్రీని పైకి పంపాను. పైఅంచు నుంచి దారానికి గుండు కట్టి వదిలితే, అది అడుగున గోడకు నాలుగు అంగుళాల ఎడంగా ఆగింది. రాతి కట్టడానికీ ఇటుక వరసకూ మధ్య బారుగా పగులు ఉంది. ఆ పగులుకు అడ్డంగా సన్నటి గాజు పలకను రెండు చివరలా సిమెంటుతో అతికించాం. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. మొదటి గట్టి వానకే గాజు విరిగింది.

ఫొటోలు, కొలతలు, లెక్కలు జతచేసి సోమవారం అర్జీల కార్యక్రమంలో ఇచ్చాం. పట్టణ ప్రణాళిక విభాగానికి విడిగా ఇచ్చాం. అది ప్రహరీ గోడ కనుక ప్రత్యేక అనుమతి అక్కర్లేదని, ఇది ఇద్దరు స్థల యజమానుల మధ్య సివిల్ తగాదా కనుక కోర్టుకు వెళ్ళమని జవాబు వచ్చింది. గోడను చూడడానికి ఎవరూ రాకముందే అర్జీ పరిష్కారమైందని ఫోనుకు సందేశం కూడా వచ్చింది. మరోసారి ఇచ్చిన అర్జీకీ అదే సందేశం. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాను. ఇది మా ఒక్క కాలనీ బాధ అయితే ఇంత దూరం తెచ్చేవాణ్ణి కాదు.

అసలు సంగతి ఇది. ప్రహరీ తన బరువును తానే మోసుకుంటుంది, మహా అయితే గాలికి ఓర్చుకోవాలి. మట్టిని ఆపే గోడ, అంటే రక్షణ గోడ (రిటైనింగ్ వాల్), పగలూ రాత్రీ పక్కకు నెట్టే బలాన్ని కాచుకోవాలి. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి. మీ దస్త్రాల్లో కూడా ఒకేలా ఉండడమే ప్రాణాలు తీస్తోంది.

ఆ బలం ఎంతో చెప్పడానికి పెద్ద చదువు అవసరం లేదు. ట్రాక్టరు ఇసుక దింపితే అది నిటారుగా నిలబడదు, జారి ఒక వాలు దగ్గర ఆగుతుంది. ఆ వాలుకు మించి మట్టిని నిటారుగా నిలపాలంటే, జారాలని చూసే భాగాన్ని గోడ ఆపాలి. ఫ్రాన్స్ సైనిక ఇంజనీరు కూలుంబ్ 1776లో, స్కాట్లండ్ ఇంజనీరు రాంకిన్ 1857లో ప్రచురించిన సూత్రాలనే నేటికీ మన కాలేజీల్లో చెబుతున్నారు. ఘనపు మీటరుకు 1.8 టన్నుల బరువుండి, అంతర్గత ఘర్షణ కోణం (దాదాపు ఇందాక చెప్పిన జారి ఆగే వాలు) 30 డిగ్రీలున్న మట్టి తన నిలువు ఒత్తిడిలో మూడో వంతును గోడ మీదికి పక్కకు నెడుతుంది. మూడు మీటర్ల, అంటే సుమారు పదడుగుల గోడకు ప్రతి మీటరు పొడవునా 2.7 టన్నుల నెట్టుడు అన్నమాట. అది గోడ అడుగు నుంచి మూడో వంతు ఎత్తులో పనిచేస్తుంది.

అదే చోట తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఉందనుకోండి. మీటరు పొడవు గోడ బరువు 1.4 టన్నులు. మట్టి దాన్ని ముందుకు పడదోసే శక్తి (నెట్టే బలాన్ని అది పనిచేసే ఎత్తుతో గుణిస్తే వచ్చేది) 2.7 టన్ను-మీటర్లు. గోడ తన బరువుతో ఎదిరించగలిగేది 0.16 టన్ను-మీటర్లు. దాదాపు పదిహేడు రెట్ల తేడా. డిజైనులో మనం కోరుకునేది ఇందుకు పూర్తిగా విరుద్ధం: పడదోసే శక్తి కన్నా ఎదిరించే శక్తి కనీసం ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి.

మరి ఇన్నేళ్ళు ఎలా నిలబడిందని ప్రతి యజమానీ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. పొడిగా ఉన్నంతకాలం ఎర్రమట్టి రేణువుల మధ్య ఉండే కాస్తంత తేమే వాటిని పట్టి ఉంచుతుంది. మట్టి తనను తానే నిలబెట్టుకుంటుంది, గోడ మీద దాదాపు భారం పడదు. మట్టి పూర్తిగా నానిన రాత్రి ఆ పట్టు పోతుంది. గోడకు నిజమైన పరీక్ష ఆ రాత్రే మొదలవుతుంది. పదేళ్ళు నిలబడిందన్న మాట దాని బలానికి రుజువు కాదు. విశాఖ, విజయవాడ కొండలు చాలావరకు ఖోండలైటు శిల. అది శిథిలమై మెత్తని ఎర్రమట్టిగా మారుతుంది. ఎండలో తవ్వితే గునపానికి లొంగదు, నానితే చేతికి ఊడి వస్తుంది. నల్లరేగడి సంగతి మరీ ఘోరం. నీరు తాగితే ఉబ్బి, ఆ ఉబ్బుతో గోడను అదనంగా నెడుతుంది. గోడ వెనక దాన్ని నింపకూడదని ప్రతి ఇంజనీరుకూ తెలుసు. అయినా పునాది తవ్విన నల్లమట్టినే అక్కడికక్కడ వెనక్కు తోసేయడం తెలంగాణలోనూ, కృష్ణా, గుంటూరు, రాయలసీమ జిల్లాల్లోనూ ఎన్నో చోట్ల చూశాను.

నీటి లెక్క కూడా చెబుతాను, ఈ లేఖ మొత్తానికి కీలకం అదే. అదే మూడు మీటర్ల గోడ వెనక నీరు పైదాకా నిలిస్తే, ఆ నీరు ఒక్కటే మీటరుకు 4.5 టన్నులు నెడుతుంది. నీటిలో మునిగి బరువు తగ్గిన మట్టి ఇంకో 1.4 టన్నులు. మొత్తం 5.9 టన్నులు, పొడిగా ఉన్నప్పటికి రెట్టింపు కన్నా ఎక్కువ. కాబట్టి గోడ మందం ఎంత ముఖ్యమో, వెనక నీరు నిలవకుండా బయటికి పోయే దారీ అంత ముఖ్యం. గోడలో మీటరున్నర, రెండు మీటర్లకు ఒకటి చొప్పున నాలుగంగుళాల పైపులు బయటికి వాలుగా ఉండాలి. వాటి వెనక కంకర పొర, ఆ కంకరలోకి మట్టి చొరబడకుండా వడపోత గుడ్డ ఉండాలి. మా గోడకూ పైపులున్నాయి. ఒకదానిలోకి ఇనుప చువ్వ దూర్చి చూస్తే జానెడు లోపల సిమెంటు తగిలింది. బయటికి కనిపించడానికి పైపు ముక్కలు అతికించారు, అంతే. మరికొన్ని చోట్ల రంగులు వేసేటప్పుడు వాటిని పూడ్చేశారు.

ఆ నీరు వాన నీరే కానక్కర్లేదు. పై ఇంటివారి స్నానాల నీరు, ఇంకుడు గొయ్యి, సెప్టిక్ ట్యాంకు, పగిలిన మంచినీటి పైపు, అన్నీ గోడ వెనకే ఉంటాయి. 1994 జులైలో హాంకాంగ్‌లోని క్వున్ లుంగ్ లౌ అనే చోట పాత రాతి గోడ కూలి ఐదుగురు చనిపోయారు. భూమిలో పాతిన మురుగు, వాన నీటి కాలువల నుంచి కారిన నీరు మట్టిని నానబెట్టిందని, గోడ అనుకున్నదానికన్నా పలచగా ఉందని దర్యాప్తులో తేలింది. మా గోడ అడుగున ఎండాకాలంలోనూ ఒకచోట నాచు పచ్చగా ఉంటుంది. వాన లేని నెలల్లో ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూడమనే మేము మొదటి అర్జీలో అడిగింది.

ఇక ఎత్తు పెంచడం గురించి. ఇది కాంట్రాక్టర్లకు అస్సలు పట్టని విషయం. ఎత్తు పెరిగిన మేరకే ఒత్తిడి పెరుగుతుందని అనుకుంటారు. పన్నెండు అడుగుల గోడను పద్దెనిమిది చేస్తే ఎత్తు ఒకటిన్నర రెట్లే. కానీ నెట్టే బలం రెండుంబావు రెట్లు, పడదోసే శక్తి 3.4 రెట్లు. కింద ఉన్న రాతి పునాది మాత్రం పాతదే. ఆపైన గోడ అంచున ఒక లారీ నిలిపినా, ఒక నీళ్ళ ట్యాంకు కట్టినా, ఇంకో గది లేపినా ఆ భారమంతా మళ్ళీ గోడ మీదికే వస్తుంది.

ఇవన్నీ ఏం చేస్తాయో మన కళ్ళ ముందే జరిగింది.

1. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున, సింహాచలంలో చందనోత్సవానికి 300 రూపాయల టికెట్ల వరసలో నిలుచున్న భక్తుల మీద గోడ కూలింది. ఏడుగురు చనిపోయారు. అది పాత గోడ కాదు, ఆ ఉత్సవానికి కొద్దిరోజుల ముందే కట్టినది. ఆ రాత్రి వాన పడింది. ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది, అధికారులను సస్పెండ్ చేసింది. స్వామి నిజరూప దర్శనానికి అర్ధరాత్రి నుంచి నిలబడినవారు ఆ గోడను ఎవరు కట్టారని, ఎవరు చూశారని అడిగి ఉంటారా? అది అడగాల్సిన పని వారిది కాదు.

2. 2024 మే 7 సాయంత్రం, హైదరాబాదు బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు రక్షణ గోడ గాలివానకు కూలి పక్కనే ఉన్న కూలీల షెడ్ల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పనికి వచ్చినవారు. వారిలో నాలుగేళ్ళ పసివాడు కూడా ఉన్నాడు.

3. 2019లో ఒక్క ఏడాదిలోనే మూడు ఘోరాలు. జూన్ 29న పుణే కోండ్వాలో గోడ కూలి పదిహేను మంది, జులై 2న ముంబై మలాడ్‌లో ఇరవై మందికి పైగా, డిసెంబరు 2న తమిళనాడు మేట్టుపాళయం దగ్గర నడూరులో ఇరవై అడుగుల రాతి గోడ పడి పదిహేడు మంది చనిపోయారు. మూడూ వాన రాత్రులే, అందరూ నిద్రలో ఉన్న వేళే. నడూరులో చనిపోయినవారు దళితులు.

ఈ ప్రమాదాల్లో ఒక సంగతి గమనించండి. గోడ ఎవరిదో వారు దాని కింద పడుకోరు. దాని మేలు పైనున్న స్థలానికి, దాని ప్రమాదం కిందనున్న మనిషికి. పైవాడికి పది గజాల చదును నేల కలిసొస్తుంది. కిందివాడికి ఆ గోడ మీద ఏ హక్కూ లేదు, దాన్ని విప్పించే అధికారమూ లేదు, చాలాసార్లు తన కాళ్ళ కింది నేలకు పట్టా కూడా లేదు. అలాంటివారిని కోర్టుకు వెళ్ళమనడం తగదు. ఇస్త్రీ బండి కుటుంబం వకీలును పెట్టుకుని, ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగి, గోడ డిజైను తప్పని నిరూపించాలా? వానాకాలం వాయిదాల కోసం ఆగదు.

మంచి గోడ ఏం చేయగలదో కూడా మనం చూశాం, దాన్ని చెప్పకపోతే అన్యాయమవుతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్ళినప్పుడు, విజయవాడ కృష్ణలంక వైపు ఏటి ఒడ్డున కట్టిన కాంక్రీటు రక్షణ గోడ నిలబడింది. అంతకుముందు వరద వచ్చిన ప్రతిసారీ సామాను నెత్తిన పెట్టుకుని పునరావాస కేంద్రాలకు వెళ్ళిన కుటుంబాలు ఆ గోడ వెనకే ఉండిపోగలిగాయి. అదే వానలకు, అదే నగరంలో, అంతకు ఒకటి రెండు రోజుల ముందే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. ఏటి ఒడ్డున ప్రజాధనంతో, ఇంజనీర్ల లెక్కతో గోడ కట్టారు. కొండవాలును ఎవరికి వారికి వదిలేశారు.

కాబట్టి గోడలు కూలుతున్నది విద్య లేక కాదు. లెక్క ఉంది, ప్రమాణాలున్నాయి. కొండ ప్రాంతాల రక్షణ గోడలకు ఐఎస్ (భారతీయ ప్రమాణం) 14458 ఉంది. కాంక్రీటు గోడలు ఒరగకుండా, జారకుండా చూడడానికి ఐఎస్ 456 ఉంది. తవ్వకాల భద్రతకు ఐఎస్ 3764 ఉంది. వాటిని అడిగేవారు లేరు.

స్ట్రక్చరల్ ఇంజనీరు మిత్రులారా, ఇక్కడ మీతో ఒక మాట. ఇంటి స్తంభాలకు, దూలాలకు కంప్యూటర్‌లో గంటలు గడుపుతాం. చివరలో యజమాని ‘చుట్టూ గోడ కూడా’ అనగానే పాత పనిలోని బొమ్మను అలాగే అతికించి సంతకం పెట్టేవారు మనలో ఉన్నారు. ఆ బొమ్మ పక్క స్థలం ఎంత లోతులో ఉందో చూడదు, మట్టి రకం చూడదు. చూసి గీసినా, మేస్త్రీ దగ్గరికి వెళ్ళేసరికి ఏమవుతుందో మనం వెళ్ళి చూడం. ఎల్ ఆకారపు కాంక్రీటు గోడలో వెనక్కు సాగే అడుగు పలక మీద కూర్చున్న మట్టి బరువే గోడను నిలబెడుతుంది. పక్కవాడి హద్దు అడ్డం వచ్చిందని ఆ పలకను వెనక కోసేసి ముందుకు తిప్పుతారు. నిలువు పలకలో ప్రధాన చువ్వలు మట్టి వైపు ఉండాలి, ఎందుకంటే కాంక్రీటు సాగేది ఆ వైపే. ఒక పనిలో ఆ చువ్వల జాలీని బయటి ముఖం వైపు నిలబెట్టి, సెంట్రింగు పలకలు బిగించి, కాంక్రీటు పోయడానికి సిద్ధంగా ఉండగా చూశాను. ఇనుము తూకం సరిగ్గా ఉంది, గీసినన్ని చువ్వలూ ఉన్నాయి. చోటు తప్పింది. ఆ పూట కాంక్రీటు పోసేసి ఉంటే బయట నుంచి చూసిన ఏ అధికారికీ ఆ తప్పు ఎప్పటికీ కనిపించదు. మట్టి నింపాక గోడలో చూడదగినదేదీ మిగలదు. కనుక మన సంతకం విలువ మట్టి నింపకముందు మనం అక్కడ నిలబడడంలోనే ఉంది.

అధికారులకు మా కోరికలు ఇవి.

1. ప్రతి ఏటా నైరుతి రుతుపవనాలు రాకముందు, మే నెలాఖరులోగా, రెండు పక్కలా నేల మట్టంలో మీటరున్నరకు మించి తేడా ఉన్న ప్రతి గోడను వార్డుల వారీగా గుర్తించండి. కింద మనుషులు నిద్రపోయే చోట్లను ముందు చూడండి. సిబ్బంది లేరని అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శులు, వసతులు చూసే ఎమినిటీస్ కార్యదర్శులు ఉన్నారు. తెలంగాణలో పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలు తోడు రాగలవు. మొదటి చూపుకు కావలసింది టేపు, దారానికి కట్టిన గుండు, ఫోను కెమెరా. ఉబ్బు, ఒరుగు, పగులు, మూసుకుపోయిన పైపులు, ఎండాకాలపు చెమ్మ, ఈ ఐదు చూస్తే చాలు, ఇంజనీరును ఎక్కడికి పంపాలో తెలుస్తుంది.

2. అలాంటి గోడను ప్రహరీగా పరిగణించడం ఆపండి. దానికి విడిగా అనుమతి పెట్టండి. మట్టి పరీక్ష, డిజైను లెక్క, నీరు పోయే ఏర్పాటు బొమ్మ, బాధ్యత వహించే ఇంజనీరు పేరు లేకుండా అనుమతి ఇవ్వకండి. పాత గోడ ఎత్తు పెంచడానికి కూడా ఇదే నియమం ఉండాలి. తెలంగాణలో 2020 చట్టంతో 500 చదరపు మీటర్ల వరకు స్థలాల్లో పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇస్తున్నారు. సామాన్యుడు కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పించే పద్ధతి అది, మేము వ్యతిరేకించడం లేదు. ఆ దరఖాస్తులో ఒక్క ప్రశ్న చేర్చండి: మీ స్థలానికీ పక్క స్థలానికీ మట్టం తేడా ఎంత? మీటరున్నర దాటితే ఆ దరఖాస్తు నేరుగా ఇంజనీరు బల్ల మీదికి వెళ్ళాలి.

3. పునాది తవ్వినప్పుడు, చువ్వలు కట్టినప్పుడు, కంకర పొర, పైపులు పెట్టినప్పుడు, మట్టి నింపకముందే తనిఖీ జరగాలి. తేదీ, స్థలం నమోదయ్యే ఫొటోలు దస్త్రంలో ఉండాలి. పూర్తయిన గోడను చూసి ఇచ్చే ధ్రువపత్రం వల్ల ఏ ఉపయోగమూ లేదు.

4. గుర్తించిన ప్రతి గోడకూ నంబరు ఇచ్చి, ఆ నంబరు పలకను గోడ మీదే బిగించండి. హాంకాంగ్‌లో 1972, 1976 సంవత్సరాల్లో కొండవాలులు విరిగిపడి పెద్ద సంఖ్యలో జనం చనిపోయాక, 1977లో అందుకోసమే ఒక ప్రత్యేక ఇంజనీరింగ్ విభాగం పెట్టారు. నేడు అక్కడ మనిషి చెక్కిన వాలులు, కట్టిన రక్షణ గోడలు సుమారు 60,000 నమోదై ఉన్నాయి. ప్రతిదానికీ నంబరు ఉంది, మరమ్మతు బాధ్యత ఎవరిదో రాసి ఉంది. మన నగరాలన్నీ ఒక్క ఏడాదిలో అక్కడికి చేరాలని అడగడం లేదు. విశాఖ, విజయవాడ, హైదరాబాదు కొండవాలు వార్డులతో మొదలుపెట్టండి.

5. కూలీల షెడ్లను ఏ రక్షణ గోడకైనా దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలోపు వేయకూడదని, ముఖ్యంగా కడుతున్న గోడ కింద ఎవరూ నిద్రపోకూడదని ఆదేశం ఇవ్వండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, నిర్మాణ అనుమతిలో ఒక షరతు చాలు. దాన్ని మీరితే ఆ రోజే పని ఆపించండి. బాచుపల్లిలో గోడ ఎంత బలహీనమైనదైనా, షెడ్లు పది గజాలు అవతల ఉండి ఉంటే ఆ పసివాడు బతికేవాడు.

6. గోడ ప్రమాదకరమని తేలినచోట నోటీసు ఇచ్చి ఊరుకోవద్దు. వెనక మట్టిని పైనుంచి మెట్లు మెట్లుగా తీయించి ఎత్తు తగ్గించండి. పైన నీరు చేరకుండా కాలువ తిప్పించి, టార్పాలిన్ కప్పించండి. ఇవి రెండు రోజుల పనులు. ఖర్చును ముందుగా పురపాలక సంఘమే పెట్టుకుని, ఆస్తి పన్నుతో పాటు యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. కిందివారిని తరలించాల్సి వస్తే అద్దె ఇచ్చి తరలించండి. రేకుల ఇంటివారిని బడి వరండాలోకి పంపి, వాన తగ్గాక అదే గోడ కిందికి తిరిగి రమ్మనడం తరలింపు కాదు.

7. గోడల మీద వచ్చిన ఏ అర్జీనీ, ఇంజనీరు స్థలానికి వచ్చి కొలతలు తీసి సంతకం చేసిన నివేదిక లేకుండా మూసివేయకూడదు. ఆ నివేదిక ప్రతి అర్జీదారుకు చేరాలి.

8. ఇప్పటిదాకా కూలిన గోడల విచారణ నివేదికలను తెలుగులో, పూర్తిగా, అందరికీ అందుబాటులో ఉంచండి. ప్రమాదం జరిగిన వారంలో సస్పెన్షన్లు వార్తల్లో వస్తాయి. పునాది ఎంత లోతు, నీటి పైపులు ఉన్నాయా, వెనక ఏ మట్టి నింపారు, డిజైను ఎవరు చేశారు అన్నవి మాత్రం తర్వాతి గోడ కట్టే మేస్త్రీకి ఎప్పుడూ చేరవు. కేసులు పెట్టడం అవసరమే. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉంది. కానీ ఒక కాంట్రాక్టరు జైలుకు వెళ్ళినందువల్ల పక్క వీధి గోడలో పైపు తెరుచుకోదు.

ఖర్చు గురించి యజమానులు అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. లెక్క ప్రకారం కట్టిన గోడకు ఇటుక గోడ కన్నా ఎక్కువే అవుతుంది, దాచనక్కర్లేదు. అయితే అతి ముఖ్యమైన భాగం అన్నిటికన్నా చవక. పీవీసీ పైపులు, కంకర, వడపోత గుడ్డ కలిపి మొత్తం ఖర్చులో చిన్న వాటా. స్థలం ఉన్నచోట గోడే అక్కర్లేకుండా వాలుగా వదిలి గడ్డి నాటవచ్చు, లేదా ఎత్తును రెండు మెట్లుగా విడగొట్టి చిన్న గోడలు కట్టవచ్చు. కొన్ని గజాల చదును నేల వదులుకోవడానికి ఇష్టపడకపోవడమే నేను చూసిన చాలా ఎత్తైన గోడలకు అసలు కారణం.

మా గోడ విషయానికి వస్తే, మేము అడుగుతున్నది ఒకటే. వానలు రాకముందు మీ ఇంజనీరును పంపండి. పైన పోసిన ఆరడుగుల మట్టిని తీయించండి. అంగన్‌వాడీ పిల్లలను అప్పటిదాకా వేరే గదిలోకి మార్చండి. గాజు పలక విరిగిన తేదీతో సహా కొలతలు, ఫొటోలు, మా లెక్క కాగితాలు అన్నీ ఈ లేఖతో పాటు మరోసారి కార్యాలయంలో అందజేశాం. లెక్కలో తప్పుంటే మీ ఇంజనీరు చూపించవచ్చు, సంతోషంగా ఒప్పుకుంటాను. పదిహేను రోజుల్లో లిఖితపూర్వకమైన జవాబు కోరుతున్నాం. ఫోను సందేశాన్ని జవాబుగా తీసుకోం.

ఇట్లు,
కొండకింది కాలనీ వాసుల తరఫున,
ఒక సివిల్ ఇంజనీరు